తోకల కొట్టు

గవర్రాజుకి ముక్కు మీద కోపం. ఆ కోపంలోంచే పుట్టింది తోకల కొట్టు.

విశాఖపట్నంలో పూర్ణా మార్కెట్టు వెనక సందులో అతనికో పుస్తకాల షాపు ఉండేది. ముందువైపు బడి పుస్తకాలు, నోటు పుస్తకాలు, పెన్నులు. వెనకవైపు బైండింగు బల్ల, జిగురు డబ్బా, కత్తి. మధ్యలో బీరువాల నిండా నవలలు. మొదట్లో అందరిలాగే అతనూ నవలలు అద్దెకిచ్చేవాడు. తీసుకెళ్ళినవాళ్ళు తీసుకెళ్ళినట్టే ఉండేవారు. అడిగితే మా వదిన చదువుతోందనీ, పక్కింటావిడ పట్టుకుపోయిందనీ, రేపు తెస్తాననీ కబుర్లు చెప్పేవారు. ఆ రేపు ఎన్నటికీ వచ్చేది కాదు. ఒకాయనైతే నవల సంచీలో పెట్టుకుని సరాసరి రాయగడ బదిలీ అయిపోయాడు. ఆ సంగతి తెలిసిన రోజున గవర్రాజు ఒళ్ళు మండిపోయి, నవలలన్నీ బల్ల మీద కుప్ప పోసి, ఒక్కోదానికీ కుట్టు విప్పి చివరి ఫారం, అంటే ఆఖరి పదహారు పేజీలు, వేరు చేసి పారేశాడు. పారేశాడంటే చెత్తలో కాదు లెండి. దేనికది దారం కట్టి, పేరు రాసిన చీటీ అంటించి, రేకు పెట్టెలో దాచాడు.

మర్నాటి నుంచీ కొత్త పద్ధతి. అద్దె లేదు, అడ్వాన్సు లేదు. ఎవరడిగినా నవల ఊరికే ఇస్తాడు. ఎన్నాళ్ళయినా ఉంచుకోవచ్చు. కాకపోతే చివరికేమైందో తెలియాలంటే మాత్రం పుస్తకం వెనక్కి తెచ్చిచ్చి, కొట్టు ముందున్న బెంచీ మీద కూర్చుని, పెట్టెలో దాచిన ఆ తోక అక్కడే చదువుకుని, మళ్ళీ అతని చేతిలో పెట్టి వెళ్ళాలి. తోక బెంచీ దాటదు. ఇదేం వ్యాపారం బావా అని సందులోవాళ్ళు అడిగితే అతను ఒకటే చెప్పేవాడు.

"అద్దె పుచ్చుకుంటే ఆళ్ళకి హక్కు వొచ్చీసినట్టుంటాది. ఇప్పుడు హక్కు నేదు, ఆత్రం ఒకటే ఉన్నాది."

నవ్వినవాళ్ళంతా నెల తిరక్కుండా బెంచీ ఎక్కారు. కథ ఎక్కడ తెగుతుందో ఫారానికేం తెలుసు? తాళి పట్టుకున్న చెయ్యి పీటల మీద అలాగే ఆగిపోయేది. హంతకుడి పేరు చెబుదామని నోరు తెరిచిన ముసలాడు తెరిచిన నోటితోనే ఉండిపోయేవాడు. చదివినవాళ్ళకి అన్నం సయించేది కాదు. పొద్దున్నే కొట్టు తాళం తీసేసరికి ఎవరో ఒకరు పుస్తకం చంకలో పెట్టుకుని నిలబడి ఉండేవారు. పోర్టు ఆఫీసులో గుమాస్తా రమణమూర్తి గారు మధ్యాహ్నం కేరేజీ కూడా విప్పకుండా సైకిలు తొక్కుకుంటూ వచ్చేసేవాడు. పెద్దాసుపత్రిలో నర్సు పుష్పకుమారి డ్యూటీ దిగి తెల్లబట్టలతోనే బెంచీ మీద కూర్చుని తోక చదువుతూ ముక్కు చీదుకుంటుంటే, దారిన పోయేవాళ్ళు ఆగి, ఎవరు పోయారమ్మా అని పరామర్శించేవారు. అలా ఆగినవాళ్ళు ఒక నోటు పుస్తకమో, పెన్నో కొనకుండా వెళ్ళేవారు కాదు. కొట్టు అసలు పేరు అందరూ మర్చిపోయారు. రిక్షావాడికి తోకల కొట్టు అంటే చాలు.

ఇంత చేసినా గవర్రాజు తన జన్మలో ఒక్క నవల చదివిన పాపాన పోలేదు. అతను పుస్తకంలో చూసేది పేజీ నంబరు, కుట్టు, అట్ట. లోపల ఎవరు ఎవర్ని పెళ్ళాడారో అతనికి పట్టదు. ఆ మాట దాచుకునేవాడూ కాదు.

ఊరంతా మెచ్చుకున్నా అతన్ని మెచ్చని మనిషి ఒకావిడుంది. అతని అత్తగారు, భీమిలి చిలకమ్మ.

చిలకమ్మ కథ వేరు. పెళ్ళయిన కొత్తలోనే ఆవిడ మొగుడు పని వెతుక్కుంటూ రంగూన్ ఓడెక్కాడు. అప్పటికి గౌరీశ్వరి, అంటే గవర్రాజు పెళ్ళాం, ఇంకా ఆవిడ కడుపులో ఉంది. ఆ వెనకే యుద్ధం వచ్చిపడింది. రంగూన్ నుంచి కొండలూ అడవులూ పడి నడిచొచ్చినవాళ్ళు వచ్చారు, రానివాళ్ళు రాలేదు. అతను ఉన్నాడని చెప్పినవాళ్ళు లేరు, పోయాడని చెప్పినవాళ్ళూ లేరు. చిలకమ్మ బొట్టు తియ్యలేదు, మొగుడి ఊసెత్తలేదు. జంతికలు, చేగోడీలు వేసి బస్టాండులో అమ్మి కూతుర్ని పెంచింది. పోర్టులో ఉద్యోగం ఉన్న అల్లుణ్ణి తేవాలని ఆవిడ ఆశ. తీరా వచ్చింది జిగురు చేతుల గవర్రాజు. దానికి తోడు ఈ తోకలు కొయ్యడం ఒకటి. అప్పట్నుంచీ ఆవిడ అల్లుడితో నేరుగా మాట్లాడ్డమే మానేసింది. ఎదురుగా నిలబడి ఉన్నా సరే, గౌరీ, మీ ఆయన్ని కాస్త పక్కకి జరగమను, అనేది.

ఎనభై ఒకటిలో, వానలు బాగా పట్టిన రోజుల్లో, చిలకమ్మకి కడుపునొప్పి ఎక్కువైంది. గౌరీశ్వరి బలవంతాన విశాఖపట్నం తీసుకొచ్చి పెద్దాసుపత్రిలో చూపించింది. కడుపులో కాయ ఉంది, ఆపరేషన్ చెయ్యాలి, ఆలస్యం చేస్తే ప్రాణం మీదకి వస్తుంది అన్నారు. పోతే పోతాను గాని కోయించుకోను అని చిలకమ్మ భీష్మించింది. కూతురు ఏడ్చి మొత్తుకుంటే చివరికి ఊ అంది. ఆసుపత్రిలో మంచం ఖాళీ అయ్యేదాకా కొట్టు వెనకున్న కూతురింట్లోనే ఉండమన్నారు.

ఆ ఖాళీలో, ఊరికే కూర్చుంటే భయం పెరిగిపోతుందని, గౌరీశ్వరి చేతికందిన నవల ఒకటి తీసి తల్లి చేతిలో పెట్టింది. చిలకమ్మ మిషను బళ్ళో అయిదు దాకా చదివింది. వేలు పెట్టుకుని, పెదవులు కదుపుకుంటూ, అక్షరం అక్షరం కూడబలుక్కుని మొదలెట్టింది. అందులో రాజ్యం అని ఒకమ్మాయి. ఆ అమ్మాయి మొగుడు రంగూన్ వెళ్ళాడు. వెళ్ళి రాలేదు.

ఇంకేముంది. చిలకమ్మ అన్నానికి పిలిచినా పలకడం మానేసింది. నొప్పి వచ్చినప్పుడు కడుపు నొక్కుకుంటూ చదివింది, తగ్గాక కళ్ళు తుడుచుకుని చదివింది. ఏ పేజీలో ఏముందో తల్లి చెప్పలేదు, గౌరీశ్వరి అడగలేదు. చివరికి వచ్చేసరికి రాజ్యానికి తల నెరిసింది. ఒక తెల్లవారుజామున ఎవరో తలుపు కొట్టారు. రాజ్యం గడియ తీసి, గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూసి. అంతే, ఆ పైన అట్ట. చిలకమ్మ అట్ట తిప్పి చూసింది. ముందు పేజీకి వెళ్ళి మళ్ళీ వచ్చింది. అప్పటిగ్గాని ఆవిడకి అల్లుడి పద్ధతి గుర్తు రాలేదు.

లేచి వచ్చి కొట్టు వెనక గుమ్మంలో నిలబడి, గౌరీ, మీ ఆయన్ని ఆ తోకేదో ఇమ్మను, అంది. చెప్పొద్దూ, గవర్రాజు గుండె పొంగిపోయింది. పెళ్ళయినప్పట్నుంచీ అత్తగారు అతన్ని ఒక్క వస్తువు అడిగి ఎరగదు. ఆ సంతోషంలో చటుక్కున తీసిచ్చేస్తే పోయేదా? మహానుభావుడు బిగుసుకున్నాడు. పద్ధతంటే అందరికీ పద్ధతే, బెంచీ మీదకి రమ్మను మీ అమ్మని, అన్నాడు పెళ్ళాంతో. వీధిలో మగాళ్ళ మధ్య కూర్చోడానికి నేనేమైనా సంతలో సరుకునా అంది చిలకమ్మ, అదీ కూతురితోనే. మధ్యలో నలిగిపోయింది గౌరీశ్వరి. పంతాలు తేలకముందే నొప్పి ముదిరిపోయింది. అదే రోజు మంచమూ ఖాళీ అయింది. రిక్షాలో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకుపోయారు.

మర్నాడు మధ్యాహ్నం పుష్పకుమారి హడావిడిగా కొట్టు దగ్గరికి వచ్చింది. చిలకమ్మ ఉన్నది ఆవిడ వార్డులోనే. రేపు పొద్దున్నే ఆపరేషన్ పెట్టారట. అన్నీ సిద్ధమట. కానీ చిలకమ్మ కాగితం మీద సంతకం పెట్టనంటోందట. రంగూన్ నవల చివరికి ఏమైందో తెలిస్తేగాని ఆపరేషన్ బల్ల ఎక్కదట. ఈ తడవ తప్పితే మళ్ళీ ఎప్పుడో, అప్పటిదాకా ఆ కాయ ఆగదని పెద్ద డాక్టరు కేకలేస్తున్నారని పుష్పకుమారి చెప్పింది.

"ఆవిడకి మొండితనం కాదు గవర్రాజు గారూ. బల్లెక్కితే దిగనేమోనని బెంగ. ఆ ఒక్కటీ తెలుసుకుని పోదామని చూస్తోంది."

గవర్రాజు చేతిలో కత్తి బల్ల మీద పారేసి లేచాడు. పద్ధతీ లేదు, గాడిదగుడ్డూ లేదు, రేకు పెట్టె బార్లా తెరిచాడు. తోకలన్నీ నేల మీద పరిచాడు. మార్చి మార్చి చూశాడు. రంగూన్ నవల తోక లేదు. పెట్టె బోర్లించాడు, బల్ల కింద దూరాడు, బీరువాలు జరిపాడు. లేదు. అప్పుడు గుర్తొచ్చింది అతనికి. బడులు తెరిచే రోజుల్లో ఒక స్కూలు వాళ్ళు హాజరు రిజిస్టర్లు బైండు చెయ్యమని తెచ్చారు. అట్ట గట్టిగా ఉండాలంటే లోపల పాత కాగితాలు పొరలు పొరలుగా వేసి జిగురుతో అంటిస్తారు. ఆ రోజు కాగితాలు చాలకపోతే, చీటీ ఊడిపోయిన ఒక కట్ట పెట్టెలో అడుగున కనిపించింది. చిత్తు కాగితాలనుకున్నాడు. పేజీ నంబర్లు తప్ప ఇంకేదీ చూడని ఆ కళ్ళతోనే చూసి, ఆ చేతులతోనే జిగురు పూసి, రాజ్యాన్నీ, తలుపు కొట్టిన మనిషినీ కలిపి అట్టల్లో పెట్టి నొక్కేశాడు. ఇప్పుడు వాటిని ఒలిచినా వచ్చేది గుజ్జే.

గౌరీశ్వరి గుమ్మంలో నిలబడి ఆ వెతుకులాటంతా చూసింది. నెమ్మదైన మనిషి, మొగుణ్ణి పల్లెత్తు మాట అని ఎరగదు. ఆ రోజు మాత్రం అంది.

"మా యమ్మకి ఏటైనా అయితే నీ తోకలన్నిటికీ నిప్పెట్టీసి నాను భీమిలి ఎలిపోతాను."

ఆ మాట గవర్రాజుకి గట్టిగానే తగిలింది. ఇలాంటివి మళ్ళీ అచ్చు కావు, ఆ నవల ఇంకో ప్రతి ఊళ్ళో ఎక్కడా లేదు. మిగిలిన దారి ఒకటే. చదివినవాళ్ళని అడగడం. రమణమూర్తి గారు చదివాడు, పుష్పకుమారి చదివింది, ఎదురు కొట్టులో బట్టలు కుట్టే దర్జీ, గురువులు అనేవాడు, చదివాడు. ముగ్గుర్నీ బెంచీ మీద కూర్చోబెట్టి, చివరికేమైందో చెప్పండి బాబూ అని చేతులు జోడించాడు.

రమణమూర్తి గారు గొంతు సవరించుకుని, వచ్చింది మొగుడే, చేతికర్రతో వచ్చి కాళ్ళ మీద పడ్డాడు, రాజ్యం క్షమించింది అన్నాడు. పుష్పకుమారి కాదంది. వచ్చింది మొగుడు కాదు, అతనితో కలిసి నడిచిన స్నేహితుడు, దారిలో పోయాడన్న కబురు తెచ్చాడు, నాకు బాగా గుర్తు, ఎంత ఏడ్చాననీ అంది. గురువులు ఇద్దర్నీ కొట్టిపారేశాడు. మొగుడే వచ్చాడట, అయితే రాజ్యం మొహం మీదే తలుపేసేసిందట, ఆ తలుపు చప్పుడుతోనే కథ అయిపోయిందట. ముగ్గురూ ఒకే పదహారు పేజీలు, ఒకే బెంచీ మీద చదివినవాళ్ళే. ఎవరి మాట మీద వాళ్ళు ప్రమాణం చేస్తామన్నారు. రమణమూర్తి గారు కోపమొచ్చి, దర్జీవాళ్ళకి నవలలెందుకని నోరు జారాడు. కొలతలు తియ్యడం నేర్చుకున్నవాడికి మనుషులు తెలియరా అని గురువులు లేచాడు. గవర్రాజు ఇద్దరికీ ఓ దణ్ణం పెట్టి ఆసుపత్రికి బయల్దేరాడు.

దారి పొడుగునా ఆలోచించాడు. మూడింటిలోకీ రమణమూర్తి గారిదే బాగుంది. మొగుడొచ్చాడని చెబుతాడు, ఆవిడ సంతోషంగా సంతకం పెడుతుంది, తర్వాత సంగతి తర్వాత. అబద్ధమే, కానీ ప్రాణం పోసే అబద్ధం. అలా గుండె దిటవు చేసుకుని వార్డులో అడుగుపెట్టాడు. మంచం మీద చిలకమ్మని చూసేసరికి ఆ దిటవు సగం జారిపోయింది. ఎప్పుడూ నిటారుగా ఉండే మనిషి దుప్పట్లో ఇంతై పడుంది.

స్టూలు లాక్కుని కూర్చున్నాడు. తలుపు తీసేసరికి మొగుడే నిలబడి ఉన్నాడత్తా అని మొదలెట్టాడు. చిలకమ్మ కళ్ళు మూసుకుని విన్నది. ఎలా ఉన్నాడు అని అడిగింది. బాగానే ఉన్నాడు, కోటేసుకుని, ఎర్రగా ఉన్నాడు, చేతిలో పెద్ద పెట్టె అన్నాడు. ఒకసారి నోరు తెరిచాక కథ దానంతటదే సాగింది. పెట్టెలో పట్టుచీరలున్నాయి, చేతికి గడియారం ఉంది, వీధి చివర జట్కా ఆగింది. చిలకమ్మ కళ్ళు తెరిచి అతని మొహంలోకి చూసింది.

"బాబూ, నువ్వు సదవనేదు గదూ."

నేరుగా అతనితోనే అంది. ఇన్నేళ్ళలో ఆవిడ అతన్ని పలకరించిన మొదటి మాట అది. గవర్రాజుకి అబద్ధం నోట్లోనే ఆగిపోయింది. జిగురు సంగతి, అట్టల సంగతి, బెంచీ మీద ముగ్గురు మూడు రకాలుగా చెప్పిన సంగతి మొత్తం కక్కేశాడు. అడిగిన రోజునే పెట్టె తెరిచి ఉంటే తోక పోయిన సంగతి అప్పుడే బయటపడేదనీ, పంతానికి పోయాననీ చెప్పాడు. చిలకమ్మ దుప్పటి గెడ్డం దాకా లాక్కుంది.

"అయితే వొచ్చింది ఎవులో ఎవులికీ తెల్దన్నమాట."

"తెల్దత్తా."

గవర్రాజు స్టూలు మీంచి లేవలేదు. అతనికి చదువు తక్కువ, మాటలు అల్లడం రాదు. చేతులకి ఎండిపోయిన జిగురు గోటితో గీక్కుంటూ, తల వంచుకునే చెప్పాడు.

"నాకు కతలు రావత్తా. ఇప్పుడొచ్చీ ముందు ఆ ఆకరి లైను ఒకటీ సదివినాను. రాజ్యం గడియ తీసిందని ఉన్నాది. ఎవులొచ్చినా సరే, తీడానికి ఆ మనిసి ఇంట్లో ఉన్నాది గదా. నువ్వూ ఉండాల. నువ్వు నేకపోతే గౌరి తట్టుకోనేదు. నాకూ బాగోదు."

నలభై అయిదేళ్ళ మనిషి, వార్డంతా చూస్తుండగా భుజం మీద తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. చిలకమ్మ అటు గోడవైపు తిరిగి పడుకుంది. కాసేపటికి ఇటు తిరిగి, పుష్పకుమారిని ఆ కాగితం తెమ్మంది. తెస్తే అల్లుడికిచ్చి, ముందూ వెనకా తిప్పి చూపించమంది.

"దీనికి తోక ఉన్నాదా? ఇది కూడా కోసీసినావా?"

పక్క మంచాల వాళ్ళతో సహా అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే చిలకమ్మ వంకర అక్షరాలతో సంతకం పెట్టింది.

ఆపరేషన్ చక్కగా జరిగింది. కాయ ఇంత ఉందని పుష్పకుమారి పిడికిలి చూపించింది. సింహాచలం అప్పన్నకి గౌరీశ్వరి, తన ప్రభువుకి పుష్పకుమారి ఎవరి మొక్కులు వాళ్ళు చెల్లించారు. వానలు వెనకబట్టేసరికి చిలకమ్మ గోడ పట్టుకోకుండా నడుస్తోంది. పప్పులో పోపు తక్కువైందని కూతుర్ని సాధిస్తోంది. అల్లుడితో నేరుగా మాట్లాడుతోంది గాని, మాట్లాడిందంతా తిట్లే. గవర్రాజు ఆ తిట్లు తింటూ ఊళ్ళో అందరికీ చెప్పుకుని మురిసిపోయాడు.

ఒక ఉదయం కొట్టు కిటకిటలాడుతోంది. రమణమూర్తి గారూ, గురువులూ, పుష్పకుమారీ బెంచీ మీద రంగూన్ నవల గురించే మళ్ళీ తగువు పడుతున్నారు. అట్టల్లో పోయింది కాబట్టి ఇక తేలే తగువు కాదు, అందుకే మహా జోరుగా ఉంది. లోపలి నుంచి చిలకమ్మ నింపాదిగా నడిచొచ్చింది. వీధి, మగాళ్ళు, ఏదీ పట్టించుకోలేదు. గురువుల్ని జరగమని సైగ చేసి బెంచీ మధ్యలో కూర్చుంది. రమణమూర్తి గారు మర్యాదగా, మీరే చెప్పండమ్మా, ఆ తెల్లారగట్ల తలుపు కొట్టింది మొగుడంటారా, కాదంటారా అని అడిగాడు.

అందరూ ఆవిడ మొహంలోకి చూశారు. కొట్టులో ఉన్న గౌరీశ్వరి చేతిలో నోటు పుస్తకాల కట్ట అలాగే పట్టుకుని నిలబడిపోయింది. నాన్న మాట తల్లి నోట ఆవిడ పుట్టినప్పట్నుంచీ వినలేదు.

"తెల్లారగట్ల తలుపు కొట్టీది ఎవులు బాబూ?" అంది చిలకమ్మ. "పాలోడు."

రమణమూర్తి గారు ఫక్కున నవ్వబోయాడు.

"నవ్వకండి. నానెరుగుదును. రోజూ గుండె దడదడమని లెగిసి, జుట్టు సరుదుకోని ఎల్లి గడియ తీసీదాన్ని. రోజూ పాలోడే. కొన్నేళ్ళకి జుట్టు సరుదుకోడం మానీసినాను. రాజ్యం కూడా అంతే. గిన్ని తెచ్చింది, పాలు పోయించుకున్నాది, కాపీ ఎట్టుకోని తాగింది."

"మరి మొగుడు?" అన్నాడు గురువులు, నెమ్మదిగా.

"ఆడెక్కడున్నాడో ఆడికి తెలియాల. రాజ్యానికి మాత్తరం కాపీ బాగుంది."

అని చిలకమ్మే ముందు నవ్వింది. కుట్లు లాగుతున్నాయని కడుపు పట్టుకుని మరీ నవ్వింది. ఆ నవ్వు పట్టుకుని బెంచీ అంతా నవ్వింది, పుష్పకుమారి మాత్రం అలవాటు ప్రకారం ముక్కు చీదింది. అచ్చయింది అది కాదని రమణమూర్తి గారు గొణిగాడు గాని ఎవరూ వినిపించుకోలేదు. గౌరీశ్వరి కట్ట కింద పెట్టి, గడప దాటి వచ్చి, తల్లి పక్కన ఉన్న కాస్త జాగాలో ఇరుక్కుని కూర్చుంది. గవర్రాజు వాళ్ళిద్దర్నీ చూస్తూ గల్లాపెట్టె దగ్గర నిలబడ్డాడు. గౌరీశ్వరి అడిగింది.

"అమ్మా, కాపీ తాగుతావేటి?"

"ఎట్టు," అంది చిలకమ్మ. "మీ ఆయనకి కూడా ఎట్టు."

కాఫీ పెట్టడానికి గవర్రాజే లోపలికి వెళ్ళాడు.